మొహర్ ఎవరిది? చాబీ ఎవరిది?

సర్వర్లో లినక్స్ బూట్ కాలేదంటే చాలు, మనవాళ్లకు ఒకటే నుస్ఖా: "సెక్యూర్ బూట్ తీసేయ్ భాయ్, లెగసీ పెట్టేయ్!" మిషన్ లేచి కూర్చుంటుంది. మసలా తీరిందనుకుంటాం. నిజానికి దర్వాజా తెరిచిపెట్టి పడుకున్నాం.

లెగసీ బయోస్ డిస్కు మొదటి సెక్టారులో ఏ కోడ్ ఉంటే దాన్నే నడిపిస్తుంది. నువ్వెవరని అడగదు. ఎంబీఆర్ పద్ధతిలో సుమారు 2 టీబీ దాటిన జాగా అందదు కూడా. యూఈఎఫ్ఐలో సెక్యూర్ బూట్ ఆన్ చేస్తే, బూట్‌లోడర్ మీద మొహర్ చూశాకే ఇజాజత్ ఇస్తుంది.

అయితే నాకో షికాయత్ ఉంది. సర్వర్ మనది, పైసలు మనవి, మొహర్ మాత్రం మైక్రోసాఫ్ట్‌ది! ఉబుంటు, రెడ్ హ్యాట్ సైతం షిమ్ అనే చిన్న ప్రోగ్రాముకు ఆ కంపెనీ సంతకం తెచ్చుకుంటాయి. 2011 నాటి ఆ సర్టిఫికెట్లకు 2026లో గడువు తీరుతుంది.

అలాగని దర్వాజా పీకేస్తామా? చాలా సర్వర్ల సెటప్‌లో సొంత చాబీలు ఎక్కించుకునే ఇంతెజాం ఉంది. అది మాలిక్ హక్కు, వాడుకోండి. అంత చేతకాకపోతే కనీసం ఓఎస్ వేయకముందే బూట్ మోడ్ ఫైసలా చేయండి. తర్వాత మారిస్తే డేటా పదిలంగా ఉన్నా సర్వర్ లేవకపోవచ్చు. ఏ మోడో కాగితం మీద రాసిపెట్టండి. ఫర్మ్‌వేర్‌కు పాస్‌వర్డ్ పెట్టండి.

సర్వర్లో ఉండేది పదిమంది అమానత్. హక్కు అడిగేవాళ్లం జిమ్మేదారీ కూడా మోయాలి.