జీతం లేని పదవులు.. పనేమో 24 గంటలు! పలివెల నుంచి పంచాయతీ బోర్డు దాకా అసలు లెక్క ఇదీ

కుళాయిలో నీళ్లు రాకపోతే ముందు ఎవరికి ఫోన్ చేస్తారు? వీధి లైటు వెలగకపోతే? కోనసీమ జిల్లా కొత్తపేట మండలం పలివెలలోనైనా, పక్క ఊళ్లోనైనా జవాబు ఒకటే. మన వార్డు మెంబర్‌కి. మరి ఆ మెంబర్‌కి నెలకు ఎంత వస్తుందో తెలుసా? నెలవారీ గౌరవ వేతనం సున్నా.

ఉమా కొప్పులింగేశ్వరస్వామి ఆలయంతో పేరున్న ఊరు పలివెల. అయితే ఇప్పుడు మాట్లాడుకోవాల్సింది గుడి గురించి కాదు, ఊరి నీళ్ల గురించి. తాగునీరు, వీధి దీపాలు, డ్రైనేజీ, చెత్త.. ఇవన్నీ చూసేది పంచాయతీ పాలకవర్గమే. అంటే గ్రామానికి అదే వాటర్ బోర్డు.

సర్పంచికి ఎంత?

ఏపీలో సర్పంచి గౌరవ వేతనం నెలకు రూ.3 వేలు. అదీ నెలనెలా అందడం లేదన్నది సర్పంచుల పాత ఫిర్యాదు. 2025-26లో రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు రూ.307. పది రోజులు పనికెళితే రూ.3,070. ఊరి ప్రథమ పౌరుడి నెల సొమ్ము పది రోజుల కూలికి కూడా సరిపోవడం లేదన్నమాట! 2019లో వచ్చిన గ్రామ వాలంటీర్లకు నెలకు రూ.5 వేలు ఇచ్చారు. ఓట్లేసి గెలిపించిన సర్పంచులకు మాత్రం మూడే. తెలంగాణలో 2021లో సర్పంచుల వేతనాన్ని రూ.5 వేల నుంచి రూ.6,500కు పెంచారు.

చేతిలో డబ్బు లేదు, బాధ్యత మాత్రం తప్పదు. ఆర్థిక సంఘం నిధులను పంచాయతీల కరెంటు బకాయిల కింద మళ్లించారంటూ సర్పంచులు గతంలో రోడ్డెక్కిన సంగతి తెలిసిందే. మోటారు కాలిపోతే ఊరు నిధుల కోసం ఆగదు కదా. జేబులోంచి తీయాల్సిందే.

కాలువ కమిటీలదీ అదే కథ

డెల్టాలో పంచాయతీతో పాటు ఇంకో బోర్డు ఉంది. అదే నీటి వినియోగదారుల సంఘం. 1997 చట్టంతో వచ్చిన ఈ సంఘాలకు 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. ధవళేశ్వరం నుంచి వచ్చే నీరు శివారు చేనుకు చేరాలన్నా, దాళ్వాలో వంతులు సరిగ్గా నడవాలన్నా, గుర్రపుడెక్క తీయించాలన్నా వీళ్లే తిరగాలి. ఇదీ నెల జీతం ఉండే పదవి కాదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. 2022లో మళ్లీ అదే మాట వచ్చినప్పుడు, మురుగు కాలువల దుస్థితి పెద్ద కారణంగా వినిపించింది. ఆ కాలువల మీద రోజూ ఒక కన్నేసి ఉంచే మనిషి కావాలా, వద్దా?

జీతం ఇస్తే తప్పేంటి?

‘సేవ చేయడానికి వచ్చి జీతం అడుగుతారా’ అనే మాట ఉంది. కొట్టిపారేయలేం. కానీ రెండో వైపూ చూడాలి. జీతం లేని పదవికి ఎవరు పోటీ చేయగలరు? రోజు కూలి వదులుకోగలిగినవాళ్లు, లేదంటే పనుల కాంట్రాక్టు మీద కన్నున్నవాళ్లు. రిజర్వేషన్‌లో గెలిచిన కూలీ మహిళ మీటింగ్‌కి వస్తే ఆ రోజు కూలి పోయినట్టే. ఆమె రాకపోతే ఆమె పేరు మీద మాట్లాడేది వేరొకరు. ఉచితం అనుకున్న పదవికి ఊరు కట్టే అసలు ధర ఇదే.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో కరెంటు, నీళ్లు ఇచ్చే ప్రజా యుటిలిటీ డిస్ట్రిక్టులు ఉన్నాయి. 1930లో ప్రజలే ఓటేసి తెచ్చుకున్న చట్టం అది. ఎన్నికైన కమిషనర్లకు అక్కడ సంస్థ ఆదాయాన్ని బట్టి నెల జీతం, హాజరైన రోజుకు భత్యం. భత్యానికి ఏడాదికి పరిమితి కూడా చట్టంలోనే ఉంది. మన దగ్గర కేరళ పంచాయతీ వార్డు సభ్యులకు నెలనెలా గౌరవ వేతనం ఇస్తోంది.

ఖర్చు ఎంత?

ఏపీలో దాదాపు 1.3 లక్షల వార్డులున్నాయి. ఒక్కొక్కరికి నెలకు రూ.1,000 ఇస్తే ఏడాదికి సుమారు రూ.156 కోట్లు. అలా కాకుండా నెలకో సమావేశం, హాజరైతేనే రూ.500 అంటే గరిష్ఠంగా రూ.78 కోట్లు. ఈ రెండో పద్ధతిలో ఇంకో లాభం ఉంది. రాని సభ్యుడికి పైసా పోదు, సంతకాల పుస్తకం ఊరంతా చూడొచ్చు.

అయితే ఒక షరతు. ఈ సొమ్ము పంచాయతీ ఇంటి పన్నులోంచి తీస్తే కుళాయి మరమ్మతుకు మిగిలేది ఉండదు. భారం రాష్ట్రమే మోయాలి. హాజరు, తీర్మానాలు, ఖర్చుల లెక్క పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించాలి. ఊరు డబ్బిస్తే లెక్క అడిగే హక్కు కూడా ఊరికే వస్తుంది. ఇప్పుడు ‘ఊరికే చేస్తున్నాం కదా’ అన్న ఒక్క మాటతో ఆ ప్రశ్న ఆగిపోతోంది.

మీ వార్డు సభ్యుడు చివరిసారి పంచాయతీ మీటింగ్‌కి ఎప్పుడెళ్లారు? ఈసారి కనిపిస్తే అడిగి చూడండి.