అరువు మీటరు

చార్మినార్ దగ్గర లాడ్ బజారులో దూరి పడమటికి నడిస్తే మహబూబ్ చౌక్ గడియార స్తంభం కనిపిస్తుంది. 1892లో నిజాం దివాన్ ఆస్మాన్ జా కట్టించింది. అది దాటి, రిక్షాలూ బురఖాలూ తోపుడు బళ్లూ తప్పించుకుంటూ పోతే హుస్సేనీ ఆలం. అక్కడొక సందులో మొన్న నా మిత్రుడి స్టాండర్డ్ హెరాల్డు డ్యాష్‌బోర్డు ఊడదీసుకుని కూర్చుంది. ముందు సీటు మీద తువ్వాలు, తువ్వాలు మీద రెండు స్పీడోమీటర్లు. ఒకటి ఆ కారుదే. రెండోది ఇంగ్లండులో ఉండే బావమరిది సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి తెచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మీటరు.

"రెండూ అన్నదమ్ముల బిడ్డలే కదా, ఎందుకు పట్టదు?" అంటాడు మిత్రుడు. చుట్టరికం నిజమే. హెరాల్డు అసలు ట్రయంఫ్ వాళ్ల బండి. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ తయారుచేసింది. 1962లో వచ్చిన స్పిట్‌ఫైర్ ఆ హెరాల్డు ఛాసిస్‌నే పొట్టిచేసి కట్టిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. రెండింటి ఒంపులూ ఇటలీ వాడైన మిచెలొట్టి చేతివే. మా వాడి దగ్గర ఉన్నది సంసారపక్షం బండి, మనసు మాత్రం స్పోర్ట్స్ కారు మీద. కనీసం ముల్లన్నా అక్కడిది ఉండాలని ఆశ.

మెకానిక్ ఉస్తాద్ రెండు మీటర్లనూ వెలుతురులోకి తిప్పి, డయలు అడుగున చీమతలంత అక్షరాల్లో ఉన్న అంకె చూశాడు. "సూరత్ మిల్తీ సాబ్, హిసాబ్ నై మిల్తా" అన్నాడు. మొహాలు కలిశాయి, లెక్క కలవలేదు.

ఆ చిన్న అంకెలోనే ఉంది సంగతంతా. బండి ఒక మైలు పోయేసరికి గేర్‌బాక్సు నుంచి వచ్చే కేబులు ఎన్ని చుట్లు తిరగాలో అది చెబుతుంది. కేబులు చివర ఒక అయస్కాంతం తిరుగుతుంది. దాన్ని కప్పుకుని అల్యూమినియం గిన్నె ఒకటుంటుంది. అయస్కాంతం లాగుతుంటే గిన్నె తిరగబోతుంది, వెంట్రుక లాంటి స్ప్రింగు వెనక్కి పట్టి ఉంచుతుంది. ఈ పెనుగులాటలో గిన్నె ఎక్కడ ఆగితే ముల్లు అక్కడ. వెనక ఇరుసులో పళ్ల లెక్క మారితే కేబులు చుట్లూ మారతాయి. స్పిట్‌ఫైర్లలోనే చూడండి. మార్క్ 3 ఇరుసు 4.11, చివర వచ్చిన 1500 మోడలుది 3.63. మిగతావన్నీ సమానమే అనుకుని 1500 మీటరు తెచ్చి మార్క్ 3కి పెడితే, బండి 60 మైళ్ల వేగంతో పోతుంటే ముల్లు 68 చూపిస్తుంది. ఒకే పేరు, ఒకే ఇల్లు, అయినా ఇంత తేడా. ఇక హెరాల్డు సంగతి చెప్పాలా?

పెట్రోలు ముల్లుదీ ఇదే గొడవ. ట్యాంకులో తేలే బెండు, డ్యాష్‌బోర్డులో ముల్లు ఆలూమగల్లాంటివి, విడదీసి ఒకదాన్నే తేకూడదు. అరవైల మొదట్లో బళ్లకు బ్యాటరీ కరెంటు నేరుగా ముల్లుకు పోయేది, తాళం తిప్పగానే అది ఎగిరి కూర్చునేది. తర్వాత వచ్చినవి వేడికి వంగే రేకుతో నడిచేవి, తాపీగా లేస్తాయి. వాటికి మధ్యలో సుమారు 10 వోల్టులకు దించే చిన్న డబ్బా ఉంటుంది. అది మరిచిపోయి కొత్త రకం ముల్లు పెడితే ట్యాంకు ఎప్పుడూ కళకళలాడుతుంటుంది, బండి మాత్రం పురానాపూల్ మీద ఆగిపోతుంది.

ఇవన్నీ సర్దుబాటయ్యేవే. స్ప్రింగు బిగించో, వదులు చేసో ముల్లును దారికి తేవచ్చు. కేబులు మధ్యలో చిన్న పళ్ల డబ్బా పెడితే లెక్కా కలుస్తుంది. ఒక్క మర కూడా మార్చని బండే అసలైన బండి అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. విడిభాగాలకు దిక్కులేని దేశంలో పాత కార్లు బతికాయంటే ఇలాంటి సందుల్లో దాని గుండె దీనికీ దీని కాలు దానికీ పెట్టిన చేతుల వల్లే. నా అభ్యంతరం ముల్లుతో కాదు, దాని కింద కిటికీలో బండి తిరిగిన మైళ్లు చూపే అంకెతో. ముల్లు ఈ క్షణం సంగతి చెబుతుంది, అంకె బండి పుట్టినప్పటి నుంచి చెబుతుంది. ముసలితనం ముల్లుకే. అయస్కాంతం బలం తగ్గితే అది వెనకబడుతుంది, పళ్ల చక్రాల మీద నడిచే అంకె వెనకబడదు. ఈ రెండింటినీ ఒకే డబ్బాలో బిగించడంతోనే వచ్చింది చిక్కు. ముల్లు కోసం మీటరు మారిస్తే, ఎవరో తిరిగిన దారంతా మన బండి ఖాతాలో పడుతుంది.

అంకె విలువ తెలియాలంటే హుస్సేనీ ఆలం నుంచి చౌమహల్లా ప్యాలెస్ దాకా నడిస్తే చాలు. అక్కడ అద్దాల గదిలో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చి, అది చేతికందకముందే 1911లో పోయాడు. సింహాసనం లాంటి సీటున్న ఆ బండి మొత్తం తిరిగింది 356 మైళ్లేనని చెబుతారు. బార్కర్ వాళ్లు కట్టిన బాడీ గొప్పదే, కానీ చూసినవాళ్లు ఇంటికి పోయి చెప్పేది ఆ 356 గురించే.

మరి చట్టం? 2021 జూలైలో కేంద్రం వింటేజ్ బళ్ల నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషనుకు 50 ఏళ్లు దాటాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్పులు ఉండకూడదు, కొత్తగా రిజిస్టరు చేయించుకుంటే 20,000 రూపాయలు, నంబరు మధ్యలో వీఏ అక్షరాలు. మీటరు ఊసు లేదు. నన్నడిగితే ఆ దరఖాస్తులోనే ఒక గడి పెట్టాలి: మీటరు మార్చారా, మార్చిన రోజు పాతదాని మీద ఎంతుంది? రాయడానికి నిమిషం పట్టదు.

సందులో పని సాయంత్రం దాకా సాగింది. ఉస్తాద్ స్పిట్‌ఫైర్ మీటరు ముల్లు పీకి, డయలు ఎత్తి, లోపలి అంకెల చక్రాలను ఒక్కొక్కటిగా వేలి కొనతో తిప్పి, హెరాల్డు పాత మీటరు మీదున్న 61427కి తెచ్చాడు. కారు బేరానికి పెట్టేవాళ్ల కోసం అంకె తగ్గించే చేతులకూ తెలిసింది ఈ విద్యే. అది మా వాడికీ తట్టినట్టుంది.

"ఉస్తాద్, ఆ మొదటి ఆరును సున్నా చేస్తే?" అన్నాడు నవ్వుతూ.

ఉస్తాద్ తలెత్తలేదు. "చేస్తాను. మీ నాయన తిప్పిన బండి కదా సాబ్, ఆయన మైళ్లు ఎక్కడ పెట్టమంటారు?"

మా వాడు టీ చెప్పి రావడానికి సందు చివరికి వెళ్లాడు. ఉస్తాద్ పాత మీటరును తువ్వాలులో చుట్టి, పైన ఉర్దూలో తారీఖు రాసిన చీటీ గుచ్చి, వెనక సీటు కింద పెట్టాడు.

– బాటసారి