ఉన్నతవిద్య - మూగ విద్యార్థులు

విశ్వవిద్యాలయములను సంస్కరింపవలెనని పలుకనివారు నేడు లేరు. పాఠ్యప్రణాళికలు మార్చుచున్నారు; సాంవత్సరిక పరీక్షలను ఆరునెలల పరీక్షలుగా చీల్చుచున్నారు; మేడలు కట్టించుచున్నారు. కాని ఒకరు చెప్పుట, అరువదిమంది వ్రాసికొనుట యను పద్ధతి మాత్రము చెక్కుచెదరలేదు. ఇది సంస్కరణమా? పాతగోడకు క్రొత్త సున్నమా?

బ్రెజిలు దేశీయుడగు పౌలో ఫ్రెయిరీ పీడితుల విద్యను గూర్చి 1968లో ముగించిన గ్రంథమున ఇట్టి చదువును బ్యాంకు వ్యవహారముతో పోల్చెను. ఉపాధ్యాయుడు సొమ్ము జమకట్టును, విద్యార్థి దాచియుంచును. మన కళాశాలలలో పరీక్షనాడు ఆ సొమ్మంతయు తీసివేయబడును. మరునాడు ఖాతా శూన్యము!

ఆయనది పుస్తకపాండిత్యము మాత్రమే కాదు. 1963లో ఆంజికోస్ అను ఊర సుమారు 300 మంది శ్రామికులకు, వారి బ్రదుకులోని మాటలతోనే, 40 గంటలలో చదువను వ్రాయను నేర్పించెను. ఆనాడచ్చట నిరక్షరాస్యులకు వోటుహక్కు లేదు. కావున అక్షరము నేర్చుట యనగా పౌరుడగుటయే. 1964లో సైన్యము అధికారము చేజిక్కించుకొని ఆయనను చెఱనుంచెను. ప్రశ్నింప నేర్చిన కూలివానిని చూచి ప్రభువులు భయపడుట వింతయా?

"వయోజనుల ఓనమాలకు ఇది చెల్లును గాని యంత్రశాస్త్రమునకు చెల్లునా?" యని కొందరందురు. తన యూరి చెఱువు తూము ఏల కారుచున్నదో పరిశీలించి, ఆ ప్రశ్నతో శాస్త్రమును చేరిన విద్యార్థికి శాస్త్రము తక్కువగునా, నిలుచునా? ఉపాధ్యాయుడు తన జ్ఞానమును దాచుకొనవలెనని ఫ్రెయిరీ చెప్పలేదు. శిష్యునితో కలిసి వెదకుమనెను.

నేడు కూలివాని కూతురు, నేతగాని కుమారుడు తమ వంశమున మొదటిసారిగా కళాశాల మెట్లెక్కుచున్నారు. తమ యాస నవ్వులపాలగునను భయమున వారు నోరు మెదపరు. వారిని మూగలనుగా చేసి పట్టమిచ్చుట ఉద్ధరణము కాదు, వంచనము.

కావున మేము కోరునది స్పష్టము. విద్యార్థి స్వయముగా చేసిన పరిశోధనకు పరీక్షలో పాలుండవలెను. పాఠ్యనిర్ణయసభలలో విద్యార్థులకు స్థానముండవలెను. ఉపాధ్యాయుని ప్రశ్నించినందుకు ఎవ్వనికిని మార్కులు తగ్గరాదు.

చదువరులారా! ఈ పని విశ్వవిద్యాలయాధికారులది మాత్రమే యనుకొనకుడు. ప్రశ్న వేసిన బిడ్డను "అధికప్రసంగి" యని గద్దించుచున్నది మన యిండ్లలోనే. ఇంట నోరు మూయించి, కళాశాలలో స్వాతంత్ర్యము నపేక్షించుట విత్తు వేయక పంట కోరుటయే.