ఆగిపోయింది కంప్యూటరా, ఎస్‌ఎంపీఎస్సా?

పదేళ్ళకు పైగా నమ్మకంగా పనిచేసిన కంప్యూటరు ఒకనాడు ఉన్నట్టుండి మూగబోతే, ఇంట్లో మొదట వినిపించే మాట "దీని కాలం తీరిపోయింది, ఇక కొత్తది కొనాల్సిందే" అని. చాలా సందర్భాలలో ఈ మాట నిజం కాదు. మదర్‌బోర్డు, ప్రాసెసరు, హార్డ్‌డిస్కు అన్నీ క్షేమంగా ఉండి, వాటికి విద్యుత్తును అందించే ఒక్క భాగం మాత్రమే అలసిపోయి ఉండవచ్చు. వీధి చివరి మెకానిక్కు మొదలు గవర్నరుపేట దుకాణదారు వరకు అందరూ ఆ భాగాన్ని ఎస్‌ఎంపీఎస్ అనే పిలుస్తారు. కంప్యూటరు పెట్టె వెనుకవైపు, కరెంటు తీగ గుచ్చే చోట, చిన్న ఫ్యానుతో కనిపించే ఇనుప డబ్బా అదే. దాని ఖరీదు కొత్త కంప్యూటరు ఖరీదులో చిన్న భాగం మాత్రమే.

మన ఇళ్ళలో పాత కంప్యూటరు విలాస వస్తువు కాదు. ఇంటర్ చదివే అమ్మాయి ఈఏపీసెట్ నమూనా పరీక్షలు దాని మీదే రాస్తుంది. అబ్బాయి డిగ్రీ ప్రాజెక్టు, దుకాణం లెక్కలు, పెళ్ళి ఫోటోలు, ఇంటి కాగితాల నకళ్ళు అన్నీ అందులోనే ఉంటాయి. అందువల్ల లోపం ఎక్కడుందో తెలుసుకోకుండా తొందరపడి పారవేయడం దుబారా అవుతుంది. తెలియని చేతికి అప్పగించడం కొన్నిసార్లు అంతకంటే పెద్ద నష్టం తెస్తుంది. కాబట్టి ఈ నెల ఎస్‌ఎంపీఎస్ గురించి వివరంగా ముచ్చటించుకుందాం.

అది చేసే పని ఏమిటి?

మన గోడ సాకెట్లోకి వచ్చేది 230 వోల్టుల ఏసీ విద్యుత్తు. కంప్యూటరు లోపలి భాగాలకు కావలసినది 12, 5, 3.3 వోల్టుల స్థిరమైన డీసీ. ఎస్‌ఎంపీఎస్ ముందుగా ఆ ఏసీని సుమారు 325 వోల్టుల డీసీగా మారుస్తుంది. ఆపై దానిని సెకనుకు పదుల వేల సార్లు ఆపుతూ, వదులుతూ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు గుండా పంపి, తక్కువ వోల్టేజీగా దించి, అలలు లేకుండా చదును చేసి అందిస్తుంది. ఈ చదును చేసే పని ప్రధానంగా కెపాసిటర్లది. చిన్న డబ్బీల వంటి ఈ కెపాసిటర్లలో ద్రవం ఉంటుంది. వేడికి ఆ ద్రవం ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా ఇంకిపోతుంది. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా కెపాసిటరు ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని ఇంజనీర్లు లెక్క కడతారు.

ఈ లెక్కను విజయవాడకు అన్వయించి చూడండి. వేసవిలో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. గది అంత వేడిగా ఉంటే పెట్టె లోపల మరింత, ఎస్‌ఎంపీఎస్ లోపల ఇంకా ఎక్కువ వేడి ఉంటుంది. దీనికి తోడు మనం కంప్యూటరును టేబులు కింది చెక్క గూటిలో పెట్టి తలుపు మూస్తాం. దుమ్ము పడకూడదని దానిపై గుడ్డ కప్పుతాం. వస్తువును కాపాడాలనే సదుద్దేశంతో చేసిన ఈ పనే దానికి ఊపిరాడకుండా చేస్తుంది. ఇక వెచ్చదనం కోసం ఎస్‌ఎంపీఎస్‌లో చేరే బల్లులు, చీమలు, బొద్దింకలు చేసే చేటు మరమ్మతు చేసేవారందరికీ తెలిసినదే.

లక్షణాలు

వించిపేటలో మాకు తెలిసిన ఒక కుటుంబం ఉంది. తండ్రి దర్జీ, కుమార్తె డిగ్రీ చదువుతోంది. వారి కంప్యూటరు ఉదయం బాగానే పనిచేసి, మధ్యాహ్నం కాగానే దానంతటదే ఆగి మళ్ళీ మొదలయ్యేది. వైరస్ అని ఒకరు, మదర్‌బోర్డు పోయిందని మరొకరు చెప్పారు. విసిగిపోయిన తండ్రి దానిని పాత సామాను కింద ఇచ్చివేద్దామన్నారు. "అబ్బా, నా ప్రాజెక్టంతా అందులోనే ఉంది. కొత్తది కొన్నంత మాత్రాన అది దానిలోకి నడిచి రాదు కదా!" అని కుమార్తె వారించింది. చివరకు పొరుగున ఉండే ఒక మెకానిక్కు మల్టీమీటరు తెచ్చి కొలిచాడు. 12 వోల్టులు ఉండవలసిన పసుపు తీగలో ఉదయం 11.8 ఉన్నది, మధ్యాహ్నం 10.9కి దిగిపోతున్నది. "భాయి, ఇది జబ్బు కాదు, ఆకలి. బోర్డుకు సరిపడా కరెంటు అందడం లేదు" అన్నాడు. ఎస్‌ఎంపీఎస్ మార్చగానే అది మళ్ళీ పనిలో పడింది.

అలసిన ఎస్‌ఎంపీఎస్ లక్షణాలు ఇలా ఉంటాయి: నాలుగైదు సార్లు బటన్ నొక్కితే గాని కంప్యూటరు లేవకపోవడం, ఫ్యాను ఒక్క క్షణం కదిలి ఆగిపోవడం, బరువైన పని చేస్తున్నప్పుడు దానంతటదే రీస్టార్టు కావడం, డబ్బా నుండి సన్నని కూత, మాడిన వాసన రావడం. మాడిన వాసన లేదా పొగ వస్తే ఇక పరీక్షలు వద్దు. వెంటనే గోడ స్విచ్చు ఆపి, తీగ ఊడదీయాలి.

పరీక్షలో ఒక క్రమం

ముందుగా సులభమైనవి. అదే సాకెట్లో టేబుల్ ల్యాంపు పెట్టి చూడండి. యూపీఎస్‌ను పక్కన పెట్టి, తీగను నేరుగా గోడ సాకెట్లో గుచ్చండి. కరెంటు తీగ మార్చి చూడండి. ఎస్‌ఎంపీఎస్ వెనుక చిన్న స్విచ్చు ఉంటే అది సున్నా వైపు ఉన్నదేమో గమనించండి. పాతవాటిలో 115, 230 అని రాసిన ఎర్రని మీట ఉంటుంది. మన దేశంలో అది ఎప్పుడూ 230 వైపే ఉండాలి. పొరపాటున 115 వైపు జరిపి ఆన్ చేస్తే పెద్ద శబ్దంతో పేలిపోయే ప్రమాదం ఉంది.

తరువాత పెట్టె పక్క రేకు తీయండి. తీగ గుచ్చి ఉండగా మదర్‌బోర్డు మీద చిన్న దీపం వెలిగితే స్టాండ్‌బై విద్యుత్తు అందుతున్నట్లే. అన్ని బోర్డులకూ ఈ దీపం ఉండదు. ఫ్యాన్లు తిరుగుతూ తెరపై ఏమీ రాకపోతే తొందరపడి ఎస్‌ఎంపీఎస్‌ను నిందించకండి. కరెంటు తీగ ఊడదీసి, ర్యామ్‌ను తీసి, దాని బంగారు రంగు అంచును మెత్తని రబ్బరుతో తుడిచి మళ్ళీ బిగించండి. ర్యామ్ లేకుండా ఆన్ చేసినప్పుడు లోపలి స్పీకరు బీప్‌మని మోగితే, బోర్డు, ఎస్‌ఎంపీఎస్ కనీసం ప్రాణంతో ఉన్నాయని అర్థం. తేదీ, సమయం ప్రతిసారీ వెనక్కి పోతుంటే అది బోర్డు మీది 3 వోల్టుల బిళ్ళ బ్యాటరీ లోపం. ఆపై హార్డ్‌డిస్కు, డీవీడీ డ్రైవుల తీగలు ఊడదీసి చూడండి. భారం తగ్గగానే కంప్యూటరు లేస్తే అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీద బలపడుతుంది.

మల్టీమీటరు ఉన్నవారు దానిని 20 వోల్టుల డీసీకి తిప్పి, కంప్యూటరు నడుస్తుండగా ఖాళీగా ఉన్న ఒక కనెక్టరులో కొలవవచ్చు. నల్ల తీగ భూమి. దానితో పోల్చినప్పుడు పసుపు తీగలో 11.40 నుండి 12.60 వరకు, ఎరుపు తీగలో 4.75 నుండి 5.25 వరకు వోల్టులు ఉండాలి. అంటే అటూ ఇటూ 5 శాతం. నారింజ తీగలో 3.3, కంప్యూటరు ఆగి ఉన్నా ఊదా తీగలో 5 వోల్టులు ఉండాలి. మీటరు మొనలు రెండూ ఒకదానికొకటి తగలకుండా జాగ్రత్త వహించాలి. ఆకుపచ్చ తీగను నల్ల తీగకు కలిపి ఎస్‌ఎంపీఎస్‌ను విడిగా తిప్పి చూసే పద్ధతి ఒకటి వాడుకలో ఉంది. ఫ్యాను తిరిగినంత మాత్రాన అది ఆరోగ్యంగా ఉన్నట్లు కాదు. భారం పడినప్పుడే అసలు బలం తెలుస్తుంది. బాగా పనిచేస్తున్న మరొక ఎస్‌ఎంపీఎస్‌ను తాత్కాలికంగా తగిలించి చూడటమే అన్నింటికన్నా నమ్మదగిన పరీక్ష.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చేస్తున్నాము. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను ఎట్టి పరిస్థితులలోనూ ఇంట్లో విప్పకండి. తీగ ఊడదీసిన తరువాత కూడా లోపలి పెద్ద కెపాసిటరులో 300 వోల్టులకు పైగా విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. అది ప్రాణాంతకం. పిల్లల ఉత్సాహాన్ని మెచ్చుకుంటూనే ఈ గీత దాటనివ్వకండి.

పెట్టెను తాకితే జివ్వుమంటున్నదని కొందరు అంటారు. ఇది చాలావరకు ఎస్‌ఎంపీఎస్ లోపం కాదు, ఇంటి ఎర్తింగ్ లోపం. మూడు కాళ్ళ ప్లగ్గును రెండు కాళ్ళ సాకెట్లో ఇరికించిన ఇళ్ళలో, వేసవిలో ఎర్తు గుంత ఎండిపోయిన ఇళ్ళలో ఇది కనిపిస్తుంది. ఎలక్ట్రీషియనుతో ఎర్తింగ్ సరిచేయించడం కంప్యూటరుకే కాదు, ఫ్రిజ్‌కు, వాషింగ్ మెషీనుకు, వాటిని తాకే పిల్లలకు కూడా రక్షణ.

మార్చేటప్పుడు

ఏటీఎక్స్ అనే కొలమానాన్ని ఇంటెల్ సంస్థ 1995లో ప్రవేశపెట్టింది. ఆ కొలతలు నేటికీ వాడుకలో ఉండటం వల్లే పాత కంప్యూటరుకు కొత్త ఎస్‌ఎంపీఎస్ దొరుకుతున్నది. మొదట 20 పిన్నులుగా ఉన్న ప్రధాన కనెక్టరు తరువాత 24 పిన్నులకు మారింది. రెండింటికీ సరిపోయేలా 20, 4గా విడిపోయేవి దొరుకుతాయి. అయితే కొన్ని బ్రాండెడ్ కంప్యూటర్లలో, సన్నని పెట్టెలలో కొలతలు, కనెక్టర్లు వేరుగా ఉంటాయి. కాబట్టి పాత డబ్బాను వెంట తీసుకొని దుకాణానికి వెళ్ళడమే ఉత్తమం.

డబ్బాపై పెద్ద అక్షరాలతో రాసిన వాట్ల సంఖ్యను చూసి మోసపోవద్దు. పక్కనున్న పట్టికలో 12 వోల్టుల ఎదుట ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చదవండి. 16 ఆంపియర్లు అని ఉంటే 12తో గుణించగా 192 వాట్లు. గ్రాఫిక్స్ కార్డు లేని పాత ఇంటి కంప్యూటరుకు ఇది సరిపోతుంది. చేతికి మరీ తేలికగా తోచే చవక డబ్బాను వదిలి, బిల్లు, వారంటీ ఇచ్చే దానినే కొనండి.

విప్పే ముందు ఏ తీగ ఎక్కడుందో ఫోనులో ఫోటో తీసుకోండి. గోడ తీగ ఊడదీసి, ముందున్న బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి ఉంచండి. ప్రధాన కనెక్టరు, ప్రాసెసరు పక్కనుండే 4 పిన్నుల కనెక్టరు, డ్రైవుల తీగలు ఒక్కొక్కటిగా తీయండి. కనెక్టరుకు చిన్న కొక్కెం ఉంటుంది. దానిని నొక్కి లాగాలి, తీగ పట్టుకొని లాగకూడదు. వెనుక నాలుగు మరలు విప్పితే డబ్బా బయటకు వస్తుంది. కొత్తదానిని అదే క్రమంలో బిగించండి. ప్రాసెసరు పక్కనుండే ఆ నాలుగు పిన్నులను మరచిపోవడం తరచూ జరిగే పొరపాటు. అది లేకపోతే ఫ్యాన్లు తిరుగుతాయి గాని తెర వెలగదు.

దుకాణంలో ఇవ్వవలసి వస్తే ముందుగా హార్డ్‌డిస్కును తీసి ఇంట్లో ఉంచుకోండి. ఎస్‌ఎంపీఎస్ మార్చడానికి దాని అవసరం లేదు. అందులోని కుటుంబ ఫోటోలు, కాగితాలు ఇంటి ఆడపడుచుల అమానతు. వాటిని అపరిచితుల చేతికి ఇవ్వవలసిన అగత్యం లేదు.

వరద నీటిలో తడిసినవి

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వంటి ప్రాంతాలను ముంచెత్తింది. ఆ మరునాడే ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. రోజుల తరబడి నీటిలో నానిన ఇళ్ళలో ఎన్నో కంప్యూటర్లు ఉన్నాయి. డెల్టాలో ఉండే మనకు ఇటువంటి పరిస్థితి మళ్ళీ ఎదురుకాదని చెప్పలేము. బురద నీటిలో మునిగిన ఎస్‌ఎంపీఎస్‌ను ఎండబెట్టి వాడకూడదు. ఒకసారి పనిచేసినా, లోపల మిగిలిన బురద, తుప్పు వల్ల ఎప్పుడైనా మంట లేవవచ్చు. దానిని మార్చవలసిందే. తడిసిన హార్డ్‌డిస్కుకు కరెంటు ఇచ్చి చూడకుండా, సమాచారం వెలికితీసే నిపుణునికి చూపించాలి. వానాకాలం రాకముందే పెట్టెను నేలమీద నుండి ఎత్తున పెట్టడం, ముఖ్యమైన ఫైళ్ళకు మరో నకలు ఉంచడం అన్నింటికన్నా చవకైన జాగ్రత్తలు.

ఎప్పుడు వద్దనుకోవాలి?

ప్రతి పాత వస్తువునూ బ్రతికించవలసిన పని లేదు. ఎస్‌ఎంపీఎస్‌తో పాటు మదర్‌బోర్డు మీది కెపాసిటర్లు కూడా ఉబ్బి ఉంటే, దాని మీద మరింత డబ్బు పోయడం మంచిది కాదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ భద్రతా మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కాబట్టి ఆ కంప్యూటరులో బ్యాంకు లావాదేవీలు చేసేవారు ఈ సంగతి కూడా ఆలోచించుకోవాలి. చదువుకు, టైపింగుకు అయితే ఉచితంగా లభించే లినక్స్ వేసుకొని మరికొన్నేళ్ళు వాడుకోవచ్చు.

తీసివేసిన ఎస్‌ఎంపీఎస్‌ను చెత్తకుప్పలో వేయకండి. రాగి కోసం దానిని కాల్చేవారి ఊపిరితిత్తులలోకి, ఆ వీధి పిల్లల ఊపిరితిత్తులలోకి ఆ పొగ చేరుతుంది. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం వీటిని నమోదైన రీసైక్లర్లకే చేర్చాలి. కొత్తది కొనే దుకాణంలోనే పాతది తీసుకుంటారా అని అడగండి. పదిమంది అడగడం మొదలుపెడితే దుకాణదారు ఒక ఏర్పాటు చేసుకోక తప్పదు.