డీజే పాటకు గ్రంథమర్యాద

మా అచ్చంపేటలో పెండ్లి ఊరేగింపు వచ్చుచున్నదన్న, సన్నాయియో బ్యాండుమేళమో ముందుగా వినబడు కాలము గడచినది. ఇప్పుడొక ట్రాక్టరు తొట్టి, దానిమీద నిలువెత్తు స్పీకరు పెట్టెలు, వాని నడుమ ల్యాప్‌టాపు ముందు నిలుచున్న పడుచువాడు: ఇదియే మేళము. ఆ పడుచువానిని జనులు డీజే యందురు; వాని మేళమునకును అదే పేరు. అతడు జానపద గీతమును, సినిమా పాటను ముక్కలుగా త్రుంచి, డప్పుదెబ్బను యంత్రముచే హెచ్చించి, మరల అతికి క్రొత్తపాట యొనర్చును. ఇట్టి పాటలు కృష్ణ కీవలను ఆవలను పెన్‌డ్రైవులలోను యూట్యూబులోను తిరుగుచున్నవి. 2022లో 'డీజే టిల్లు' అను చలనచిత్రమున ఇట్టివాడే కథానాయకుడైనాడు. వెండితెర కెక్కిన విద్య పుస్తకమున కెక్కుట తప్పుగాదు. ఎట్లెక్కవలెనన్నదే ప్రశ్న.

నా పూర్వవిద్యార్థి యొకడు ఆ పని తలపెట్టి, ఇటీవల నమూనా పుటలు తెచ్చి చూపెను. నల్లని నున్నని కాగితము, దానిపై నీలము, గులాబి వెలుగులు, పుటనిండ ఛాయాచిత్రములు, శీర్షికలు ఇంగ్లీషు లిపిలో, తెలుగు వాక్యములు అడుగున చీమలబారువలె. చిత్రములలో నాట్యమాడు యువకులున్నారు, దీపములున్నవి, పెట్టెలున్నవి. పాట చేసినవాని పేరు మాత్రము ఎన్ని పుటలు త్రిప్పినను కానరాలేదు.

"పేర్లేవిరా?" అని యడిగితిని.

"పేర్లు పెడితే పేజీ అందం పోతుందండీ, మాస్టారూ" అనెను.

కుఱ్ఱవాడు తెలివిగలవాడు, శ్రద్ధగలవాడు. కాని యామాట వానిది గాదు. మన విద్యావంతుల నోట చిరకాలముగ నానుచున్నది. దానిని ఖండించుటకే యీ వ్యాసము.

పుస్తకమును రూపొందించుట యనగా దానికి నగలు పెట్టుట యని మనలో నొక యభిప్రాయము నాటుకొనియున్నది. అది సరికాదు. పెండ్లిపందిటిలో నెవరిని ముందు కూర్చుండబెట్టెనో, ఎవరిని వెలుపల నిలువబెట్టెనో చూచినచో గృహస్థుని హృదయము తెలియును. పుటయు నట్టి పందిరియే. ఏది పెద్దయక్షరము, ఏది చిన్నయక్షరము, ఏది యసలే లేదు అని నిర్ణయించువాడు, ఎవరు మనుష్యులు, ఎవరు దృశ్యము అని కూడ నిర్ణయించుచున్నాడు. పేరులేని ముఖము పుటనిండ నున్నను అది దృశ్యమే.

"ఈ రొదకు పుస్తకమా?" అని పెద్దలు కొందఱు నవ్వవచ్చును. నవ్వునకు చరిత్రయే సమాధానము. పండితులు చిన్నచూపు చూచిన వేమన పద్యములను బ్రౌనుదొర సేకరించి 1829లో అచ్చు వేయించెను. నేడు వేమన లేని తెలుగు బడి లేదు. మా పలనాటి వీరుల కథ కూడ అట్టిదే. ఊరూర తిరిగి పాడుకొని బ్రదుకు గాయకుల నోట నిలిచిన యీ కథను, శ్రీనాథుని పేర నున్న ద్విపదను అక్కిరాజు ఉమాకాంతముగారు పరిష్కరించి 1911లో ప్రకటించిన పిదపగాని విద్యావంతుల గృహములలో దానికి తగినచోటు దొరకలేదు. 1982లో జీన్ రోఘెయిర్ అను అమెరికను విద్వాంసుడు ఆ కథ నోటిరూపమును ఇంగ్లీషు చేసి ఆక్స్‌ఫర్డు ముద్రణాలయము ద్వారా వెలువరించినప్పుడు, ఆ కథ పాడినవాడు అలిసెట్టి గాలెయ్య యని అందు స్పష్టముగా చెప్పెను. గాలెయ్య పేరువలన ఆ పుస్తకమున కేమి అందము చెడినది? అతని పేరుండుటచేతనే గదా, అది పాత ఆకులలో దొరకిన కథ కాదనియు, ఒక మనుష్యుడు గొంతెత్తి పాడిన కథయనియు మనకు తెలియుచున్నది!

పేర్లు పోయినచో నేమగునో చూపుటకు యంత్రసంగీతముననే రెండు నిదర్శనము లున్నవి. బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ 1982లో జపానుదేశపు రోలండు యంత్రములపై పది రాగములను డిస్కో తాళముతో వాయించి గ్రామఫోను రికార్డు వెలువరించెను. దానిని పట్టించుకొన్నవారు లేరు. 2010లో నెదర్లాండ్సులో అది పునర్ముద్రణమైన పిదప లోకమాశ్చర్యపడెను; అప్పటి కాయన వృద్ధుడు. అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థలో 1969లోనే మూగ్ సింథసైజరు నెలకొల్పబడినది. గీతా సారాభాయి మొదలగువారు 1972 వఱకు దానిపై చేసిన ప్రయోగముల టేపులు అర్ధశతాబ్దము ఆ సంస్థలోనే మఱుగుపడి, 2023లో పాల్ పర్గస్ అను పరిశోధకుని కృషిచే బయటికి వచ్చినవి. అవి పేరుగల సంస్థలో భద్రముగ నున్న టేపులు! వానికే ఇన్నియేండ్లు పట్టినప్పుడు, మా పల్లెలలో చేతులు మాఱు పెన్‌డ్రైవుల గతి యేమి? ఒక కంప్యూటరు చెడిన, ఒక ఖాతా మూతపడిన, ఒక యువకుని పదియేండ్ల పని గాలిలో కలిసిపోవును.

ఇంతకంటె గట్టి కారణ మింకొకటి కలదు. డీజే పాటకు ప్రాణము డప్పు. తీన్‌మార్ నడక డప్పునుండి వచ్చినది. హైదరాబాదు ప్రాంతమున ఆఫ్రికా మూలముగల సిద్దీలు నిలిపిన మర్ఫా కూడ దాని చెంతనే యున్నది. మన గ్రామములలో డప్పు వాయించువారు పెక్కుమంది మాదిగ కులమువారు. వారి దెబ్బను యంత్రము పట్టుకొన్నది. ఊరేగింపులో వారి చోటును కూడ అదే పట్టుకొన్నది. దెబ్బ యున్నది, కొట్టినవాడు లేడు. చావుకు వారి డప్పు కావలెను, ఊరేగింపునకు వారి దెబ్బ కావలెను, పుస్తకమునకు మాత్రము వారి పేరు కూడదా? అస్పృశ్యత దేవాలయద్వారమున నొక్కచోటనే యున్నదనుకొనుట పొరపాటు. అది పుటయంచున కూడ కూర్చుండగలదు.

కావున నట్టి పుస్తకమెట్లుండవలెనో నా మనవి వినుడు. ప్రతి పాటకు తలకట్టు క్రింద, వాక్యములకున్నంత పెద్ద యక్షరములలోనే, నాలుగు పేర్లుండవలెను: పాట కూర్చినవాడు, మూలగీతము పాడినవారు, డప్పు కొట్టినవాడు, ఊరు. పాడినవారు తఱచుగా స్త్రీలు. వారి పేర్లే ముందు జాఱిపోవుచున్నవి. పేరు దొరకనిచోట దానిని కప్పిపుచ్చరాదు. తాళపత్రము చిరిగినచోట పరిష్కర్తలు గ్రంథపాతమని గుర్తు వేయుదురు గదా! అట్లే అచట నొక ఖాళీపంక్తి విడువవలెను. తెలిసిన చదువరి దానిని పూరించును.

లిపి తెలుగే కావలెను. మన యక్షరములకు పైన గుడులు, క్రింద వొత్తులు. పంక్తికి పంక్తికి నడుమ ఎడము చాలనిచో అవి యొండొంటితో కొట్లాడును. ఇంగ్లీషు పుస్తకపు కొలతలను తెచ్చి తెలుగునకు తొడిగినచో కలుగు దురవస్థ అదియే. తగిన అక్షరరూపములు లేవన్న నెపము చెల్లదు: మండలి, గిడుగు, ధూర్జటి మొదలగునవి ఉచితముగనే లభించుచున్నవి.

తాళమును చూపుటకు ఛాయాచిత్రము పనికిరాదు. ఈ యంత్రములలో తాళమును పదునాఱు గడుల వరుసగా చూపుట వాడుక. దెబ్బ పడు గడి వెలుగును, తక్కినది నిశ్శబ్దము. నేను తరగతిలో నల్లబల్లపై గురులఘువులు వేసి పద్యమును గణములుగా విడదీయుదును. ఈ రెండును దాయాదులని ఆ విద్యార్థి యంత్రము చూచినప్పుడు నాకు తోచినది. నిండుగడి, వట్టిగడి పుటపై ముద్రించినచో, యంత్ర మెఱుగని గృహిణియు బల్లపై వ్రేళ్లతో కొట్టి ఆ పాటనడకను తెలిసికొనగలదు. ప్రక్కన క్యూఆర్ కోడు వేయవచ్చును. కాని దానినే నమ్మరాదు. పాటల ప్రతులను రెండు మూడు గ్రంథాలయములలో భద్రపఱుపవలెను. ఇక కాగితము సామాన్యమైనదే చాలును. ఎవరిని గుఱించి వ్రాసితిమో వారు కొనలేని పుస్తకము వారి విగ్రహమగునుగాని వారి పుస్తకము గాదు.

"నీవు రొదను వెనుకవేసికొని వచ్చుచున్నావు" అని యెవరైన నన్ననవచ్చును. ఎంతమాత్రము కాదు. పరీక్షల దినములలో నా విద్యార్థులు చెవులు మూసికొని చదువుట నేనెఱుగుదును. శబ్దకాలుష్య నియమములు 2000లోనే యేర్పడినవి: నివాసస్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు మించరాదు, రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 వఱకు ఆరుబయట లౌడుస్పీకరు మ్రోగరాదు. మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించుచు 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు ఉత్తరువు చేసిరి. ఈ సంగతులన్నియు ఆ పుస్తకమున నుండవలెను; నిద్రపట్టని ముసలివారి మాటయు, చంటిబిడ్డ తల్లి మాటయు కూడ నుండవలెను. అవి లేనిది చరిత్ర గాదు, స్తోత్రము. కాని ఒక విద్యవలన బాధ కలిగినదని దాని కర్తల పేర్లు తుడిచివేయుట న్యాయమా? నేరస్థుని సైతము న్యాయస్థానము పేరుతో పిలిచి విచారించును.

ఆ విద్యార్థి నమూనాలు తీసికొని వెళ్లినాడు. నల్లకాగితము విడుచుటకు వానికి మనసొప్పలేదు. కాని మఱునాటి సాయంకాలము వాడు మాదిగపల్లెలో ఒక వృద్ధుని యెదుట పలకయు బలపమును గాక, ఫోను పట్టుకొని కూర్చుండి, అతని డప్పు వినుచు, అతని గురువు పేరు, ఆ గురువు గురువు పేరు వ్రాసికొనుచుండుట చూచితిని. చదువరులారా! మీ యింటి పెండ్లికి డీజేను పిలిచినప్పుడు కూలి యిచ్చి పంపివేయక, ఆ పాట నెవరు కట్టిరో, ఎవరు పాడిరో, ఎవరు కొట్టిరో అడిగి యొక కాగితముపై వ్రాసి యుంచుడని ప్రార్థించుచున్నాను. రేపటి పుస్తకమునకు ఆ కాగితమే ఆధారమగును.