వాణిజ్య భవనాల ఏసీలకు ఇంధన తనిఖీ : చట్టం పరిధి ఎంతవరకు?

తుంగభద్ర తీరాన గల రాజోలి, జోగులాంబ గద్వాల జిల్లాలో చేనేతకు పేరుపొందిన మండల కేంద్రం. ఇటువంటి చిన్న కేంద్రాలలో చీరల దుకాణం, బ్యాంకు శాఖ, నర్సింగ్ హోం లేదా ఫంక్షన్ హాలు నడిపేవారికి ఏసీల కరెంటు బిల్లు పెద్ద ఖర్చే. ఈ యంత్రాలకు ఇంధన తనిఖీ తప్పనిసరా అన్న ప్రశ్నకు చట్టం చెప్పే సమాధానాన్ని అధికారులు, పాత్రికేయులు స్పష్టంగా గ్రహించవలసి ఉన్నది.

2001 ఇంధన పరిరక్షణ చట్టం 2002 మార్చి 1 నుండి అమలులోకి వచ్చింది. 2010 సవరణ ప్రకారం 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడు గాని, 120 కేవీఏ కాంట్రాక్టు డిమాండు గాని గల వాణిజ్య భవనాలు ఇంధన పరిరక్షణ భవన నియమావళి పరిధిలోకి వస్తాయి. ఏసీ యంత్రాల కనీస సామర్థ్యం, గొట్టాలకు ఉష్ణరోధక పూత, నియంత్రణ పరికరాలు మొదలైన వాటిని ఈ నియమావళి నిర్దేశిస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో దీనిని 2014 జనవరిలో నోటిఫై చేశారు.

నియమావళి ప్రధానంగా భవన నిర్మాణ దశకు సంబంధించినది. నిర్మాణం తరువాత నిర్ణీత కాలాలలో గుర్తింపు పొందిన ఎనర్జీ ఆడిటరుచే తనిఖీ చేయించవలసిన బాధ్యత, చట్టం కింద ‘నిర్దేశిత వినియోగదారులు’గా ప్రకటించబడిన భారీ వినియోగదారులదే. 2010 నిబంధనల ప్రకారం తొలి ఆడిట్ అనంతరం మూడేళ్లకొకసారి ఇది జరగాలి. ఉల్లంఘనకు రూ.10 లక్షల వరకు జరిమానా విధించవచ్చు.

ఐరోపాలో పద్ధతి వేరు. అక్కడ భవనాన్నే గాక ఏసీ వ్యవస్థను కూడా విడిగా తనిఖీ చేస్తారు. 2002 నాటి ఐరోపా ఆదేశం 12 కిలోవాట్ల శీతలీకరణ శక్తిని, అనగా సుమారు మూడున్నర టన్నులను, పరిమితిగా పెట్టింది. 2018లో దీనిని 70 కిలోవాట్లకు పెంచారు. బ్రిటన్‌లో మాత్రం నేటికీ 12 కిలోవాట్లు దాటితే ఐదేళ్లకొకసారి తనిఖీ తప్పనిసరి.

ఒకటిన్నర టన్ను ఏసీలు పది ఉన్న దుకాణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. వీటి విద్యుత్ లోడు 20 కిలోవాట్లకు మించదు. బ్రిటన్‌లో ఇటువంటి వ్యవస్థకు తనిఖీ జరగవలసిందే. రాజోలిలో 100 కిలోవాట్ల పరిమితి దీనిని తాకదు. కనుక అటువంటి దుకాణదారుని నుండి ఈ చట్టం కింద ఆడిట్ నివేదిక కోరే వీలు లేదు. అదే సమయంలో ఆ యంత్రాల వృథాను పట్టించుకునే వ్యవస్థ కూడా లేదు.

ఈ లోటును పూరించే అవకాశం చట్టంలోనే ఉన్నది. 2023 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన 2022 సవరణ, లోడు పరిమితిని తగ్గించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. అయితే పరిమితి తగ్గింపు ఒక్కటే చాలదు. మండల స్థాయిలో తనిఖీ చేయగల నిపుణులు, చిన్న వ్యాపారి భరించగల రుసుము ఉన్నప్పుడే అది సార్థకమవుతుంది.

అంతవరకు యజమాని జాగ్రత్తే తనిఖీ. ఫిల్టర్లు శుభ్రపరచడం, గ్యాసు లీకేజీని సరిచేయించడం, బయటి యూనిట్‌కు గాలి ఆడేటట్లు చూడడం, తలుపులు మూసి ఉంచడం ఇందులో ముఖ్యమైనవి. ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అంచనా. 2018లో కేంద్రం వాణిజ్య సంస్థలకు 24 నుండి 26 డిగ్రీలను సూచించింది. స్టార్ లేబుల్ గల గది ఏసీలకు 2020 జనవరి నుండి 24 డిగ్రీలే డిఫాల్ట్ సెట్టింగుగా ఉండాలని నిర్దేశించింది.