దాళ్వా దమ్మునకు ఏ టైరులు?

దాళ్వాకు కాలువ నీరు వచ్చుటకు ముందే, ట్రాక్టరు గల సభ్యులు వెనుక టైరుల మాట తలపెట్టుచుందురు. అరిగిన జత మార్చవలెను. ఏ జత కొనవలెనన్నదియే ప్రశ్న. అంగడివాడు చూపినది, పొరుగువాడు వేసినది, అప్పుకు దొరకినది, ఈ మూడింటిలో నొకటి సాధారణముగా బండి కెక్కుచున్నది. నేల యేమి కోరుచున్నదని విచారించువారు తక్కువ. ఈ విషయమున నా యభిప్రాయమును సభ్యుల యెదుట పెట్టుచున్నాను. దమ్మునకును రోడ్డు మీది తోలకమునకును ఒకే జత చాలదు. రెండు జతలు ప్రతి రైతును ఉంచుకొనజాలడు గనుక, రెండవ జతను సంఘమే కొని బాడుగ కియ్యవలెను.

కాలమునుబట్టి టైరు మార్చుట వింతగా తోచువారు చలిదేశముల వాడుకను చూతురుగాక. ఫిన్లాండు దేశమున 1934లోనే మంచుదారులకై లారీలకు ప్రత్యేకమైన టైరు చేసిరి. స్వీడనులో డిసెంబరు 1 మొదలు మార్చి 31 వరకు, దారిపై మంచు ఉన్నయెడల, శీతకాలపు టైరులు లేక కారు నడుపరాదని చట్టము. వేసవి టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల చలికి గట్టిపడి పట్టు తప్పును. అందుచే అచ్చట చలికి మెత్తగా నుండు రబ్బరును లోతైన గాళ్లును గల జతను వేసికొని, వసంతమున విప్పి దాచుదురు. మనకు రబ్బరు గడ్డకట్టు చలి లేదు. మన మంచు బురదయే. అది వచ్చు నెలలు అందఱ మెఱిగినవే.

అసలు ట్రాక్టరునకు గాలిటైరు పుట్టుకతో రాలేదు. మొదట ఇనుప చక్రములు, వానిపై ఇనుప మేకులు ఉండెను. అమెరికాలో ఆలిస్ చామర్స్ వారు 1932లో గాలిటైరులతో ట్రాక్టరు నమ్మ మొదలిడగా రైతులు నమ్మలేదు. వారిని నమ్మించుటకై 1933లో బార్నీ ఓల్డుఫీల్డు అను పందెగాని చేత ట్రాక్టరును గంటకు అరువది మైళ్లకు మించిన వేగమున పరుగెత్తించిరి! దుక్కి దున్నువానికి ఆ వేగముతో పని యేమో గాని, రబ్బరు మాత్రము గెలిచినది. అయితే అది గెలిచినది గట్టినేలపైనను దారిపైనను. బురదలో ఇనుము నేటికిని ఓడలేదు. మన దమ్ముచక్రములే సాక్ష్యము.

ఇపుడు అంగడిలో దొరకు వెనుక టైరులను చూతము. టైరు ప్రక్కగోడపై ఆర్-1 అని యుండునది సాధారణమైన పొలపు టైరు. ఆర్-2 అని యుండునది వరిమడి టైరు. దీని రబ్బరు గట్లు మొదటిదానికి ఇంచుమించు రెట్టింపు లోతుగలవి. గట్ల నడుమ ఎడము ఎక్కువగుటచే బురద అంటుకొనక జారిపోవును. మెట్టదుక్కికిని ట్రాలీ తోలకమునకును మొదటిది చాలును. రెండవదానిని తారురోడ్డుపై నిత్యము నడిపినచో ఆ పొడవైన గట్లు వంగుచు వేగముగా నరిగిపోవును, బండి కుదుపు ఎక్కువగును. ఏడాదిలో ఎక్కువ నెలలు చెఱకో ధాన్యమో ఇటుకయో తోలుకొని జీవించు ట్రాక్టరునకు ఆర్-2 వేయుట డబ్బును రోడ్డుపై పూసినట్లే. అట్లని ఆర్-1 తోనే పల్లపు రేగడిలో దిగినచో, గట్ల సందులు బురదతో నిండి టైరు నున్నని గుండువలె తిరుగును.

ఇందులకు రైతులు కనుగొన్న ఉపాయము దమ్ముచక్రములు. అడుగున గట్టిపొర జానెడు లోతుననే దొరకు మళ్లలో, ఆర్-1 టైరు ప్రక్క బిగించు సగపు దమ్ముచక్రములు చక్కగా పని చేయుననుటకు సందేహము లేదు. లోతైన దిగుబాటు నేలలో మాత్రము అవి చాలవు. పైగా వానిని ఊరినుండి ట్రాలీలో తెచ్చి గట్టున బిగించుటకు బద్ధకించి, పూర్తి ఇనుపచక్రముల తోడనే తారురోడ్డుపై నడుపువారు మనలో నున్నారు. అట్లు నడుపుట నిషిద్ధము. నిషేధ మట్లుండగా, ఆ చక్రములు చీల్చిన దారిమీదనే మన ధాన్యపు బస్తాలు పోవలెను.

దిగబడిన బండి సంగతి వేఱుగా చెప్పవలసియున్నది, ఏలనన ఇది ప్రాణములతో చెలగాటము. చక్రము ఊరక తిరుగుచుండగా, వెనుక టైరులకు దుంగ కట్టి ముందుకు లాగించు అలవాటు పల్లెలలో గలదు. చక్రము తిరుగుటకు వీలులేనపుడు ఇంజను బలము ఇరుసు చుట్టును బండినే త్రిప్పును. ముందుభాగము లేచి, తోలువాడు దూకుటకు వ్యవధి లేకయే వెనుకకు తలక్రిందగును. దిగబడినచో పనిముట్టు విప్పి, చక్రముల ముందు వెనుకల మన్ను త్రవ్వి, మెల్లగా వెనుకకు తీయుడు. కానియెడల మఱియొక బండిచే లాగించుడు. దుంగ మాత్రము కట్టవలదు.

బరువు విషయమున గూడ పొరపాటు జరుగుచున్నది. దుక్కిలో పట్టు కొఱకు టైరులలో నీరు నింపుదురు. వాల్వు పైకి వచ్చునట్లు నిలిపి అచ్చటివఱకు నింపినచో ముప్పాతిక భాగము నిండును, 13.6-28 కొలత జతకు రెండువందల కిలోలకు మించిన బరువు చేరును. చలిదేశములలో ఆ నీరు గడ్డకట్టకుండ కాల్షియం క్లోరైడు కలుపుదురు, మనకు వట్టినీరే చాలును. మెట్టదుక్కికి మేలైన ఈ బరువే బురదలో బండిని క్రిందికి త్రొక్కును, దమ్ము క్రింది గట్టిపొరను చెఱచును. కావున దమ్మునకు ముందు నీరు తీసివేయవలెను.

ఉన్న టైరు దుక్కికి సరిపోవుచున్నదో లేదో తెలిసికొనుటకు ఖర్చులేని పరీక్ష యున్నది. టైరుపై సున్నపుగీత గీసి, నాగలి ఎత్తి, చక్రము పది చుట్లు తిరుగు దూరము కొలువుడు. తరువాత నాగలి దించి మఱల పది చుట్లు కొలువుడు. మొదట 40 మీటరులు, పిదప 34 వచ్చినచో నూటికి 15 వంతుల జారుడు. దుక్కిలో ఇది దాటినచో డీజెలును రబ్బరును వ్యర్థమగుచున్నవి. బురదలో జారుడు సహజముగా ఎక్కువే యుండును. టైరు బిగించినపుడు, వెనుక నిలిచి చూచినచో గట్లు పూరింటి కప్పువలె కొన పైకి కనబడవలెను. త్రిప్పి బిగించినచో ఎంత ఖరీదైన టైరైనను బురదను వెలికి త్రోయదు. ఈ తప్పును దుకాణములవారే చేయగా చూచితిని.

ఇక సంఘము చేయవలసినది. ఆర్-2 టైరులను విడిగా కొనుట నిరుపయోగము. రిమ్ములతో కూడ బిగించి యుంచవలెను. అపుడు నట్లు విప్పి చక్రమునే మార్చవచ్చును. అన్ని ట్రాక్టరుల కొలతలును బోల్టు రంధ్రములును ఒక్కటి కావు గనుక, సభ్యుల బండ్ల కొలతలు ముందుగా వ్రాసికొని, ఎక్కువమందికి సరిపడు కొలతలో రెండు మూడు జతలు కొనుట మంచిది. నాలుగు చక్రములకును బలమందు ట్రాక్టరులకు వెనుక జత చుట్టుకొలత మారినచో గేర్లపై బరువు పడును; అట్టివానికి మెకానిక్కు సరియన్నపుడే ఇయ్యవలెను. బాడుగ ఎకరముల లెక్కన గాక దినముల లెక్కన నుండవలెను, లేనిచో మొదట తీసికొన్నవాడు నాట్లు ముగియువఱకు తిరిగి ఇయ్యడు. వరుస చీటి వేసి నిర్ణయింపవలెను. పెద్దకమతము వారికి ముందు, కౌలురైతులకు తరువాత అను పద్ధతి నేను సమ్మతింపను.

పని తీరిన పిదప టైరులను కడిగి, ఎండ తగులని గోదాములో, నూనెకును ఎరువులకును దూరముగా నిలువుగా నుంచవలెను. నీరు విడుచువఱకు వేచియుండక, రాబోవు సర్వసభ్య సమావేశముననే ఈ కొనుగోలు చర్చకు రావలెనని కోరుచున్నాను.